పరిచయం లేదని చదివిన కాగితం

మా ఆఫీసులో టెండరు పెట్టె తెరిచే ముందు ఒక కాగితం చదవాలి. మిగతా చోట్ల దాని మీద సంతకం పెట్టి ఫైల్లో పడేస్తారు. మాది సైనిక సంస్థ, పైగా మా కల్నల్‌గారికి చెవులారా వింటే తప్ప నమ్మకం కుదరదు. అందుకని కమిటీలో ఉన్నవాళ్లం ఒక్కొక్కరం లేచి నిలబడి, టెండరు వేసినవాళ్లందరి ఎదుట ఇంగ్లీషులో బిగ్గరగా చదివేవాళ్లం. దానికి తెలుగు ఇది: "ఇక్కడ టెండరు వేసినవారిలో ఎవరితోనూ నాకు బంధుత్వం గానీ, స్నేహం గానీ, సొంత పరిచయం గానీ లేదు."

నేను సైనికురాలిని కాను, యూనిఫాం లేని ఉద్యోగిని. మా యూనిట్లు కొనే కంప్యూటర్లు, ప్రింటర్లు, సర్వర్లు అన్నిటి కాగితాలూ నా బల్ల మీదుగా పోవాల్సిందే. ఎవరికి ఏం కావాలో రాసి పంపుతారు. నిజంగా కావాలా, కావాలంటే అంత పెద్దది కావాలా అని అడగడం నా పని. ఒకసారి ఒక యూనిట్ వాళ్లు కీబోర్డు ఫలానా రంగులోనే ఉండాలని రాశారు. ఆ రంగు ఒక్క కంపెనీయే చేస్తుందని నాకు తెలియదనుకున్నారు పాపం. ఆ కాగితం మూడుసార్లు వెనక్కి పంపాను. సరుకు వచ్చాక డబ్బా మూత విప్పించి లోపల ఉన్నదేమిటో చూసేదాన్ని. హార్డ్ డిస్క్ పాడైతే, గ్యారంటీ ఉన్నా సరే, అందులోని సమాచారం బయటికి పోకూడదని కంపెనీకి తిరిగి ఇవ్వం. నా కళ్ల ముందు దానికి డ్రిల్లుతో తూట్లు పొడవాలి. ఆఫీసులో నన్ను 'కొర్రీల మేడం' అనేవాళ్లు. నా ఎదుట అనేవాళ్లు కాదు, కానీ గోడలు అంత మందంగా లేవు.

ఈ ఉద్యోగంలో స్నేహాలు నిలవవు. దీపావళికి వచ్చిన మిఠాయి డబ్బాలు వచ్చిన బండిలోనే తిరిగి పోయేవి. ఏ కంపెనీకి తనిఖీకి వెళ్లినా నా ఫ్లాస్కు నేనే పట్టుకెళ్లేదాన్ని. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో చల్లటి గదిలో కూర్చోబెట్టి, పెద్ద పెద్ద కప్పుల్లో కాఫీ తెచ్చి ముందు పెడితే, నేను సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసేదాన్ని. మా పిన్ని కొడుకు ఒక కంప్యూటర్ కంపెనీలో చేరాడని తెలిసిన రోజు నుంచి వాళ్ల గడప తొక్కలేదు. వాడి పెళ్లికీ వెళ్లలేదు. పిన్ని ఫోన్ చేసి, "ఏమేవ్, మావాడు నీకేం ద్రోహం చేశాడే?" అని ఏడ్చింది. ఆ కాగితం గురించి చెబితే ఆవిడకి అర్థం కాలేదు. నాకు మాత్రం గర్వంగా ఉండేది. చదివిన ప్రతిసారీ అది అక్షరాలా నిజం కావాలి. అందుకోసం ఒక్కొక్కరినే వదులుకుంటూ వచ్చాను.

పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా క్రమంగా అడగడం మానేశారు. కాకినాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున్న పాలవాడే తట్టాలి.

ఎదురు వాటాలోకి అతనూ అతని భార్యా దిగేదాకా అలాగే గడిచింది. సిద్దిపేట వైపు మనిషి, నాకన్నా పదేళ్లు చిన్న. దిగిన మూడో రోజే తలుపు కొట్టి, "అక్కా, మా ఇంట్ల ఛాయ్ అయింది, వస్తవా?" అన్నాడు. రానన్నాను. మర్నాడు మళ్లీ కొట్టాడు. నాలుగో రోజున వెళ్లాను. అతని భార్య నన్ను "వదినా" అంది. వేడి వేడి సర్వపిండి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఇంటికి వచ్చి నేను కాసేపు ఏడ్చానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

అతనికి ఒక చిన్న షాపు ఉండేది. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు బాగుచేస్తుంటానని చెప్పాడు. ఆ మాట వినగానే నేను లేచి వచ్చేయాల్సింది. పిన్ని కొడుకు విషయంలో చేసింది అదే కదా. కానీ రిపేర్లే కదా, టెండర్లు వేసేంత షాపు కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. షాపు పేరేమిటో అడగలేదు. నా పనేమిటో చెప్పలేదు. "గవర్నమెంటు ఆఫీసులో గుమస్తాని" అన్నాను. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే మానుకోవాలి. ఆ టీ మానుకోవడం నా వల్ల కాలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులు. వారంలో ఎన్ని రోజులు బస్సులు తిరుగుతాయో ఎవరూ చెప్పలేకపోయేవారు. బంద్ అంటే అతను మెడలో కండువా వేసుకుని ముందే బయల్దేరేవాడు. ఒకరోజు టీ తాగుతూ అన్నాడు, "గీ బందుల తోటి షట్టర్ ఎత్తుడే అయితలేదక్కా. ఒక్క పెద్ద ఆర్డర్ దొరికితే షాపు నిలవడ్తది. లేకుంటే ఇగ ఊరికి పోవుడే."

"బంద్ చేసేదీ నువ్వే, బాధపడేదీ నువ్వేనా?" అని ఎగతాళి చేశాను.

"తెలంగాణ రావాలె, నా షాపు గూడ ఉండాలె. రెండూ కావాలె," అని నవ్వాడు.

ఒక బంద్ రోజున నేను ఆఫీసుకి తప్పనిసరిగా వెళ్లాల్సి వచ్చింది. ఆఫీసు జీపు రాలేదు. నడిచి పోతానంటే అతను ఒప్పుకోక బండి మీద ఎక్కించుకున్నాడు. కొత్తగూడ కూడలి దగ్గర రోడ్డుకి అడ్డంగా టైర్లు, చుట్టూ జనం. ఒకతను బండి హ్యాండిల్ పట్టుకుని నన్ను ఎక్కడికని అడిగాడు. "ఆఫీసుకండి," అన్నాను. ఆ 'అండి' వినగానే నాలుగు తలలు ఇటు తిరిగాయి. మా ఎదురింటతను బండి దిగకుండానే, "మా అక్కనే, పోనియ్యుర్రి," అని గట్టిగా అన్నాడు. వాళ్లు టైరు పక్కకి జరిపారు. ఆఫీసు ఏదో అతనికి తెలియకూడదని నేను మలుపు దగ్గరే దిగిపోయాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే కంప్యూటర్ల టెండరు పడింది. టెండర్లు కంపెనీల పేర్లతో వస్తాయి, మనుషుల పేర్లతో కాదు. బందుల వల్ల ముగ్గురే వేశారు. పెట్టె తెరిచే రోజు కల్నల్‌గారు మధ్యలో, లెక్కల అధికారి ఒక పక్క, నేను ఒక పక్క కూర్చున్నాం. ఎదురుగా మూడు కుర్చీల్లో టెండరు వేసినవాళ్లు కూర్చున్నారు. మూడో కుర్చీలో ఉన్నది అతను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది, అంతలోనే గది చూసి సర్దుకున్నాడు.

నా వంతు వచ్చింది. ఇతను మా ఎదురింటివాడు, నేను ఈ కమిటీలో ఉండకూడదు అని చెబితే సరిపోయేది. కల్నల్‌గారు నన్ను తిట్టరు. కానీ టెండరు వాయిదా పడుతుంది, నా పేరు ఎదురుగా ఫైల్లో ఒక వాక్యం పడుతుంది. ఇన్నేళ్లూ మచ్చ లేని ఫైలు అది. లేచి నిలబడ్డాను. కాగితంలోంచి తల ఎత్తకుండా, ఒక్క మాట కూడా తడబడకుండా చదివాను. బంధుత్వం లేదు, స్నేహం లేదు, పరిచయం లేదు.

నేను కూర్చునేలోపే అతను లేచాడు. "సార్, మా టెండరు వాపస్ తీస్కుంటున్నం," అన్నాడు కల్నల్‌గారితో. కవరు తెరవకముందు ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. కానీ అలా తీసుకున్నవాళ్లని ఏడాది పాటు మళ్లీ మా గుమ్మం తొక్కనివ్వం. ఆ సంగతి కల్నల్‌గారు చెప్పారు. "ఎరికే సార్," అన్నాడు. ఓ తెల్ల కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇచ్చాడు. లక్క ముద్ర చెక్కు చెదరని ఆ కవరు నేనే పెట్టెలోంచి తీసి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని, చేతికి ఇచ్చాను. "థాంక్యూ మేడం," అని రెండు చేతులతో అందుకున్నాడు.

ఆ సాయంత్రం అతని తలుపు నేనే కొట్టాను. "రండి మేడం," అన్నాడు. అతని భార్య లోపలి గదిలోంచి రాలేదు.

"ఎందుకు తీసేసుకున్నావు? అది నీ షాపు నిలబెట్టేది కదా," అన్నాను.

"మీరేమో ఎవ్వరు ఎరికలేరని సదివిన్రు. అటెన్క నాకు ఆర్డర్ వచ్చిందనుకోండ్రి, మనం ఒక్క బిల్డింగ్ల ఉంటున్నమని ఎవడో ఒకడు చెప్తడు. మీ నౌకరి పోతది. అందుకే తీస్కున్న."

"తప్పు నాది. నేను అక్కడే చెప్పాల్సింది. భయపడ్డాను."

"గట్లనకుర్రి. మీ డ్యూటీ మీది. ఒక్కటే బాధైంది మేడం. కాయితం దిక్కే చూసుకుంట సదివిన్రు. ఒక్కసారి నా మొకం దిక్కు చూసినా, మీరు సదవకముందే లేసి పోయేటోణ్ణి."

నా పనేమిటో ముందే చెప్పి ఉంటే అతను ఆ టెండరు వేసేవాడే కాదు. అది అతను అనలేదు.

రెండు నెలలకి షాపు మూసేశాడు. సామాను ఎక్కించిన ఆటో ట్రాలీ వీధి మలుపు తిరిగేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. అతని భార్య ఒకసారి పైకి చూసింది, చెయ్యి ఊపలేదు. ఆ తర్వాత ఎదురు వాటాలోకి ఎవరెవరో వచ్చిపోయారు. నేను ఎవరింటికీ వెళ్లలేదు.

తెలంగాణ వచ్చిన రోజు కొండాపూర్ అంతా టపాసులు, డప్పులు. గులాల్ మా మెట్ల దాకా పడింది. అతను ఎంత సంబరపడుతుంటాడో అనిపించి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఆ గోలలో వినపడలేదో, పేరు చూసి ఎత్తలేదో తెలియదు. మళ్లీ చేయలేదు.

రిటైరయ్యేదాకా ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. లేచి నిలబడేదాన్ని. ముందు ఎదురుగా కూర్చున్న ఒక్కొక్కరి మొహం వంకా చూసి, ఆ తర్వాత చదివేదాన్ని. ఎవరితోనూ బంధుత్వం లేదు, స్నేహం లేదు, పరిచయం లేదు. ప్రతిసారీ అది నిజమే.