అక్క నొక్కి పలికిన చోట్లు

జూన్ నెల రెండో శనివారం, పెరంబూరు. ఉన్నవాళ్లం: అక్క, ఆమె కోడలు, నేను.

చిన్నప్పుడు అక్కా నేనూ ఒక భాష కల్పించుకున్నాం. ఐదారు మాటలు అతికించి ఒకే పొడుగాటి మాట చేసేవాళ్లం. అందులో ఏది ఎక్కడ మొదలవుతుందో అక్క నొక్కి పలికితేనే తెలిసేది. నాన్న పోయేముందు నాతో అన్నదాన్ని ఆ భాషలోనే డైరీలో రాసుకున్నాను. ఆయనన్న మాటలు మరిచిపోయాను, రాసుకున్నది ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

పక్షవాతం వచ్చాక అక్క మాటలో నొక్కు పోయింది; ఆ పేజీనంతా ఒకే తీరున చదివింది.

"యాడ నొక్కాలక్కా?"

"రాసింది నువ్వు, నన్నడగతావేందిరా?"

"వదిలేయండి మామా, సీరియల్ మొదలైపోయింది," అంది కోడలు.

మర్నాడు ఉదయం పెన్సిలుతో నేనే గీతలు పెట్టి చూశాను. నాన్న ఏమన్నాడో తేలలేదు. గీతలు చెరిపేసి డైరీ లోపల పెట్టేశాను.