కనురెప్పకు తెలిసిన వేడి

కోడిగుడ్లు పొదిగించే మట్టిబట్టీలో నలభై ఏళ్లు పనిచేశాడు శహాతా. గుడ్డు కనురెప్పకు ఆనించి వేడి ఎంతో చెప్పేవాడు. బట్టీ మూతపడ్డాక ఆ చేతులకు పనిలేదు.

మనవరాలు రీహామ్ పెంచుకునే బల్లి రెండు గుడ్లు పెట్టింది. గుడ్లు పొదిగే యంత్రం కొనే స్థోమత లేక, చేపల థర్మోకోల్ పెట్టెలో తడి ఇసుక పోసి బల్బు వేలాడదీసింది. గుడ్లపైన పెన్సిలు చుక్కలు పెట్టి, అవెందుకో చెప్పడం మరిచి, "వేడి తగ్గనివ్వకు తాతా" అని పరీక్షలకు కైరో వెళ్లింది.

తిరిగొచ్చేసరికి చుక్కలు అడుగున ఉన్నాయి.

"తిప్పావా తాతా?"

"రోజుకు రెండుసార్లు. అల్లా మీద ఒట్టు, ఒక్కపూట మానలేదు."

"ఇవి కోడిగుడ్లు కావు. తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది."

శహాతా ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకున్నాడు.

"వేడి మాత్రం సరిగ్గా ఉంచావులే," అంది రీహామ్.

"శవానికి వేడెందుకే," అని బల్బు ఆర్పేశాడు.