ఎడమ పక్క ఖాళీ

మా మామ పోయాడని నంద్యాల నుంచి కబురు వచ్చేసరికి నేను ఆళ్లగడ్డ బడిలో పాఠం చెబుతున్నాను. "మీ మామ ఇంక లేడప్పా" అన్నాడు కబురు తెచ్చిన మనిషి. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "మరి కన్యాకుమారి?" అని. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆ మనిషి నన్ను వింతగా చూసి, బస్సుకు టైమవుతోందని తొందరపెట్టాడు.

మీలో నంద్యాల బజారుకు పోయేవాళ్లు ఆయన ఇనుపసామాన్ల అంగడి చూసే ఉంటారు. మా మేనత్త మొగుడు. వాళ్లకు పిల్లలు లేరు. అంగట్లో ఆయనంత చప్పున తేల్చేసే మనిషిని నేను చూడలేదు. "ఇది నీకు పనికొస్తాది, అది రాదు. పో" అని ఒక్క మాటలో బేరం ముగించేవాడు. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం పదేళ్లకు పైగా నలిగిపోయాడు. మోటారుసైకిలు మీద కన్యాకుమారికి పోవాలని ఆయన కోరిక. మూడు సముద్రాలు ఒకేచోట చూడాలి. అయితే సామాను ఇనప్పెట్టెలో పెట్టుకోవాలా, గుడ్డసంచిలో పెట్టుకోవాలా? అది తేలందే బండి కదలదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది బండి కొన్నాడు. ముందు పెట్టె చేయించాడు. ట్రంకుపెట్టెలు చేసే ఆయన పక్కన కూర్చుని, కొలతలు చెప్పి మరీ చేయించి, బండికి కుడిపక్కన బిగించాడు. ఎలా ఉంటుందో చూద్దామని మా ఊరు ఆళ్లగడ్డకు వచ్చాడు. అత్త అందులో అరటిపండ్లు పెట్టి పంపింది. కింద సైలెన్సరు వేడికి అవి ఉడికిపోయాయి. మా అమ్మ వాటిని గిన్నెలోకి తీసి బెల్లం కలిపితే, అందరం పడీపడీ నవ్వుతూ తిన్నాం. మామ నవ్వలేదు. "బండి కుడిపక్కకే గుంజుతాంది అల్లుడా. సంచే మేలంటావా?" అన్నాడు.

తర్వాత గుడారం గుడ్డతో సంచి కుట్టించాడు. అదీ కుడిపక్కనే. సైలెన్సరు తగిలి సంచి కాలింది, లోపల ఆయన పంచె కూడా కాలింది. ఆ పంచె చిల్లులోంచి నన్ను చూస్తూ, "పెట్టె అయ్యుంటే ఇట్ల అవుతాండెనా?" అన్నాడు.

"ఎడమ పక్క కట్టరాదా మామా? ఆ పక్క సైలెన్సరు లేదు కదా."

"ఆ పక్క వద్దు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు. పెట్టె మంచిదా, సంచి మంచిదా, అది చెప్పు నాకు."

నాకేమీ అర్థం కాలేదు. అంగడికి వచ్చిన లారీ డ్రైవర్లను అడిగేవాడు, దొర్నిపాడు రైతులను అడిగేవాడు. ఒక నెల, "పెట్టె మీద పడితే కాలు విరుగుతాది. సంచి తడిస్తే తడవనీ, గుడ్డలు ఎండకు ఆరతాయి. కాలు ఆరదు గదా" అనేవాడు. పై నెల పోతే, "సంచిని ఎవడైనా బ్లేడుతో కోసుకుని పోతాడు, పెట్టెకైతే బీగం ఉంటాది" అనేవాడు. "నేనూ వస్తాను మామా, ఇద్దరం పోదాం" అని ఎన్నోసార్లు అన్నాను. "చూద్దాంలే" అనేవాడు. నన్ను తీసుకుపోవడం ఇష్టం లేదేమోనని కాస్త బాధ కూడా పడ్డాను.

అలాగని నా మీద ప్రేమ లేక కాదు. దొర్నిపాడులో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు స్టవ్వు, పరుపుచుట్ట, గిన్నెలు అన్నీ ఆయనే బండి మీద చేర్చాడు. వెనక సీటు మీద కొండలా పేర్చి కట్టాడు. ఎడమ పక్కన మాత్రం ఒక్క చెంబు కూడా తగిలించలేదు. నాకు చోటు మిగల్లేదు. "నువ్వు బస్సుకు రా" అన్నాడు. నేను పోయేసరికి గది ఊడ్చి, స్టవ్వు మీద టీ పెట్టి ఉంచాడు. ఆ టీ రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

కర్మలు ముగిశాక, అత్తను పుట్టింటికి నిద్రకు తీసుకురావడానికి మొన్న నేనే వెళ్లాను. వసారాలో పెట్టె, సంచి పక్కపక్కనే ఉన్నాయి. "బస్సు వద్దు నాయనా. మీ మామ బండి తీయ్, దాని మీదనే పోదాం" అంది అత్త. ఇంట్లో ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆమె పట్టించుకోలేదు.

"నీ బట్టలు పెట్టెలో పెట్టాలా అత్తా, సంచిలోనా?" అని నోరు జారాను.

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "నీకు గూడా అంటుకునిందా ఆ పిచ్చి? బండి తెచ్చిన దినమే కన్యాకుమారికి పోదాం రా అన్నాడు. నాకు భయమేసింది. సామాను కడితే నేను కాళ్లు యాడ పెట్టుకోవల్ల అంటి. తప్పించుకుందామని ఏదో ఒకటి అంటి, అంతే. మళ్లా అడగనే లేదు ఆయప్ప. నేనూ ఆ బండి ఎక్కనే లేదు."

"మళ్లీ అడిగి ఉంటే పోయేదానివా?"

"తెల్దు నాయనా. పోతాంటినేమో."

నేను వంగి బండి ఎడమ పక్క చూశాను. చీర చక్రంలో పడకుండా బిగించే జాలీ, దాని కింద ఆడవాళ్లు కాళ్లు ఆనించుకునే రేకు. బండి అంతా గీతలు పడి రంగు పోయింది. ఆ రేకు మీద మాత్రం కొన్ననాటి నల్లరంగు అలాగే ఉంది. దాన్ని తుడుస్తూ వచ్చాడా మామ? ఇన్నేళ్లూ ఆయన తేల్చుకోలేనిది పెట్టె సంగతేనా? లేక అత్తను రెండోసారి అడగడానికి ధైర్యం చాలక మమ్మల్నందరినీ పెట్టె, సంచి అని తిప్పాడా? ఎంత ఆలోచించినా నాకు తెగడం లేదు. అడుగుదామంటే ఆయన లేడు. అదే నా ఏడుపు.

అత్త బట్టలు మూట కట్టి ఒళ్లో పెట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుంది. "ఈడేనా కాళ్లు పెట్టేది?"

"ఆడే అత్తా."

ఊరు దాటాక బండి ఏ పక్కకూ గుంజలేదు. ఆళ్లగడ్డ దగ్గరపడుతుండగా, "ఈ దావ యాడికి పోతాది?" అని అడిగింది.

"కడపకు అత్తా."

"ఆ తర్వాత?"

నేను మా వీధిలోకి తిప్పాను. మా ఇంటి ముందు బండి ఆపాను. అమ్మా వాళ్లూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. అత్త మాత్రం ఆ రేకు మీద నుంచి కాళ్లు తీయలేదు.