తాయప్ప ఆపే చోటు

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాస్తున్నాను. కాస్త చల్లారాక రాయమని మా ఆవిడ దేవిక అంది. చల్లారితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు.

మట్మారిలో నాకో జిరాక్స్ షాపు ఉంది. నా పేరు వీరబాబు. మా తాతలది గోదావరి పక్క. కాలువ కింద వరి వేసుకుందామని రాయచూరు జిల్లాకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. తాయప్ప మాత్రం తాతల తాతల నాటి నుంచీ ఈ ఊరివాడే. అరవై దాటాయి. పత్తి తీసే రోజుల్లో పత్తికి, మిరప కోసే రోజుల్లో మిరపకు కూలికి పోతాడు. జాతరలు మొదలైతే మాత్రం ఎవరు పిలిచినా చేనుకు పోడు. డప్పు భుజాన వేసుకుంటాడు, కుస్తీ బరి దగ్గర నిలబడతాడు. ఈ చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో కుస్తీకి డప్పు కొట్టాలంటే తాయప్పే కొట్టాలి.

కొట్టడానికి చాలామంది ఉన్నారు, అది కాదు విషయం. తాయప్ప గొప్పంతా ఆపడంలో ఉంది. బరిలో ఇద్దరు పహిల్వాన్లు పట్టు మీద ఉన్నప్పుడు వాళ్ళ కళ్ళ నిండా మట్టే. ఎవడి వీపు నేలకు తగిలిందో వాళ్ళకే తెలియదు. జనం అరుపుల్లో పంచాయితీ పెద్దల ఈల వినపడదు. వీపు తగిలిన ఆ క్షణాన తాయప్ప డప్పు ఆగిపోతుంది. అదే తీర్పు. పైనున్నవాడు చెయ్యి వదలాల్సిందే. డప్పు ఆగాక కూడా పట్టు వదలని పహిల్వాన్‌ను మా వైపు ఏ ఊరూ రెండోసారి పిలవదు.

రెండేళ్ళ కిందట బెంగళూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. వీడియో గేముకు సంగీతం చేసే కంపెనీ అట, కొట్లాటల గేము. దానికి నిజమైన కొట్లాట దరువు కావాలట. నా ఖర్మ, వాళ్ళు జిరాక్స్ కోసం నా షాపులోకే వచ్చారు. తాయప్పను చూపించింది నేనే. ఇంగ్లీషులో ఆరు పేజీల కాగితం తీస్తే పైపైన చూసి "ఏం కాదు బాబాయ్, వేసెయ్" అన్నదీ నేనే. ఆయన వేలిముద్ర వేశాడు. ఆ కాగితంలో సర్వహక్కులూ అనే మాట ఎన్నిసార్లు ఉందో తర్వాత లెక్కపెట్టుకున్నాను. నా కోపంలో కొంత వాటా నాకూ ఉంది, దాచుకోను.

రాయచూరులో ఒక కల్యాణ మండపంలో గోడలకు దుప్పట్లు కట్టి రికార్డు చేశారు. నేనూ వెంట వెళ్ళాను. తాయప్ప ప్రతి అరగంటకూ బయటికి వెళ్ళి వరిగడ్డి మంటలో డప్పు కాచుకుని వచ్చాడు. లోపల కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవాడు. దరువు ఎక్కేది, ఇంకా ఎక్కేది, ఉన్నట్టుండి ఠక్కున ఆగేది. కుర్రాళ్ళు చెవులకున్నవి తీసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎందుకు ఆపారు?" అని ఒకడు అడిగాడు.

"పడ్డడు గదా!" అన్నాడు తాయప్ప.

"ఎవరు?"

"గబ్బూరోడు."

గబ్బూరు మా పక్క ఊరే. కానీ ఎదురుగా బరి లేదు, మనుషులు లేరు. కుస్తీ లేకుండా ఉత్తినే డప్పు కొట్టడం ఆయనకు రాదు. మనసులోనే ఇద్దరిని దింపుకుని, వాళ్ళ పట్లు చూసుకుంటూ కొడుతున్నాడు. ఆపకుండా కొట్టమని వాళ్ళు ఎంత బతిమాలినా కుదరలేదు. "ఎవ్వరు పడకుంటే ఎట్ల కొడ్త నాయినా, ఖరే, నిజం కుస్తీ అంటే ఎవడో ఒకడు పడాలె గదా" అన్నాడు. సరే, మేం చూసుకుంటాంలే అన్నారు వాళ్ళు. చూసుకున్నారు. ఆగిన చోట్లన్నీ కత్తిరించి పారేశారు.

ఆ సంగతి మాకు చెప్పింది సిద్దు. వాడు మా ఊరి ఒకప్పటి పహిల్వాన్ భార్య మహాదేవి కొడుకు. ఇరవై రెండేళ్ళు, మా ఊరి పహిల్వాన్. ఒకరోజు ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ షాపుకు వచ్చాడు. తాయప్ప అప్పుడు నా దగ్గరే టీ తాగుతున్నాడు.

"మామా, నీ డప్పు మామా! దునియా మొత్తం ఇంటున్నరు!"

ఆ గేము పేరు రాయను. నా చేత్తో వాళ్ళకు ప్రచారం ఎందుకు? సంగీతం మొత్తం ఆల్బంగా వేరే విడుదల చేశారు. పదహారు ట్రాకులు. ముఖచిత్రం మీద ముసుగు వేసుకున్న వస్తాదు. గిటార్ల రొద, ఏ భాషో తెలియని బొంగురు గొంతుల కోరసు, వాటి కింద తాయప్ప డప్పు, రెట్టింపు వేగంతో. ఆటలో ఒకడు కింద పడగానే తెర ఎర్రబడుతుంది, వాణ్ణి ముగించమని పైవాడికి పిలుపు వస్తుంది. సరిగ్గా అప్పుడే డప్పు ఇంకా రెచ్చిపోతుంది. పడ్డవాడి మీద దెబ్బ మీద దెబ్బ, ప్రతి దెబ్బకూ తాయప్ప దరువు.

పేర్ల పట్టిక వెతికాను. స్వరకర్త ఉన్నాడు, మిక్సింగ్ చేసినవాళ్ళు ఉన్నారు, ఓపిగ్గా తోడున్నందుకు స్వరకర్త గారి పిల్లికి పేరుతో సహా కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. తాయప్ప ఉండాల్సిన చోట 'భారతీయ జానపద వాద్యం' అని ఉంది. పిల్లికి పేరుంది సార్, మనిషికి లేదు.

తాయప్ప ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఆయన ముఖంలో సంతోషం వస్తుందేమోనని సిద్దు చూస్తున్నాడు.

"ఎప్పుడు ఆగుతది ఇది?" అని అడిగాడు చివరికి.

"ఆగది మామా. ఆట బందు చేసేదాంక తిరుగుతనే ఉంటది."

తాయప్ప ఫోను ఇచ్చేశాడు. సగం తాగిన టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి కంపెనీకి రాయమన్నాడు. పేరు వేయమని, క్షమాపణ చెప్పమని, కోర్టుకు లాగుతామని నేను ఆవేశంగా టైపు చేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"పేరు వద్దు వీరబాబూ. పేరు ఏం చేసుకుంట? ఆపుడు పెట్టమను. పడ్డప్పుడు ఆపుమను. గంతే."

అంతే రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మధ్యలో నిశ్శబ్దం వస్తే ఆడేవారి ఉత్సాహం తగ్గుతుందట, ఒప్పందం ప్రకారం మార్పులు వారి ఇష్టమట, మా ఆసక్తికి ధన్యవాదాలట. ఆసక్తి! దాన్ని తెలుగు చేసి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

అక్కడితో అయిపోయినా ఇంత మండేది కాదు. ఈ ఏడాది జాతర కమిటీకి పంపాపతి గౌడ పెద్ద. ఆయన తాయప్పను పిలిపించాడు. కమిటీవాళ్ళంతా కుర్చీల్లో, తాయప్ప ఎప్పటిలాగే నేల మీద.

"ఈసారి డీజే బాక్సులు పెడుతున్నం తాయప్ప. నీ పాటనే ఏపిస్తం, గా గేము పాట. నువ్వు సుమ్నె, ఊకె కూసోని ఇను. ఖుషీ గాలె?"

"అండ్ల ఆపుడు లేదు గౌడా."

"ఆపుడెందుకు? జోష్ తగ్గుతది."

బెంగళూరు కంపెనీ ఇంగ్లీషులో రాసిన మాటే మా గౌడ నోట తెలుగులో వచ్చింది. "పోరగాళ్ళకు దెబ్బ తాకుతది గౌడా, ఎప్పుడు ఇడవాలెనో తెల్వది" అని తాయప్ప ఇంకా చెప్పబోయాడు. గౌడ అప్పటికే ఫోనులో మాట్లాడుతున్నాడు. నేను కల్పించుకోబోతే, జిరాక్స్ షాపువాడికి కుస్తీ ఏం తెలుసని ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు.

జాతర రోజు మధ్యాహ్నం తాయప్ప డప్పు కాచుకుని మరీ వచ్చాడు. కమిటీవాళ్ళు బరి దగ్గరికి రానివ్వలేదు. తాడు అవతల, జనంలో నిలబడ్డాడు. మూడో జత సిద్దుదీ గబ్బూరు పహిల్వాన్‌దీ. బాక్సులు మొదలయ్యాయి. చెప్పొద్దూ, ఊరు ఊగిపోయింది. పిల్లలు చొక్కాలు తీసి తిప్పారు.

సిద్దు బాగానే పట్టాడు. రెండుసార్లు అవతలివాణ్ణి మోకాళ్ళ మీదికి తెచ్చాడు. మూడోసారి కాలు జారింది. వీపు నేలకు తగిలింది. నేను చూశాను, తాయప్ప చూశాడు. పెద్దలు ఈల ఊదారు, వాళ్ళ బుగ్గలు ఉబ్బడం కనిపించింది తప్ప ఈల వినపడలేదు. బాక్సుల్లో డప్పు ఇంకా ఎక్కింది. గబ్బూరువాడికి కళ్ళలో మట్టి, చెవుల్లో దరువు. డప్పు మోగుతోంది గనక కుస్తీ అయిపోలేదనుకున్నాడు. సిద్దు చెయ్యి వెనక్కి మెలిపెట్టి మొత్తం బరువు దాని మీద వేశాడు. వాడి తప్పు లేదు, ఎక్కడైనా చెప్తాను.

తాయప్ప "పడ్డడు! ఇడువు! పడ్డడు!" అని గొంతు చించుకున్నాడు. పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు. ఆయన గొంతును ఆయన డప్పే తొక్కేసింది. తాడు దూకి బరిలోకి పరుగెత్తి గబ్బూరువాడి జుట్టు పట్టుకుని లాగేసరికి సిద్దు చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా పోయింది. ఆ తర్వాత కూడా పాట రెండు నిమిషాలు మోగింది. దాన్ని ఆపే కుర్రాడు టీ తాగడానికి వెళ్ళాడట.

రాయచూరులో డాక్టరు కట్టు కట్టి, ఇక కుస్తీ మాట మరిచిపొమ్మన్నాడు. పంపాపతి గౌడ ఆస్పత్రికి రాలేదు. ఊళ్ళో మాత్రం ఒక మాట పుట్టించాడు, తాయప్ప డప్పు వల్లే పిల్లోడి చెయ్యి పోయిందని. ఆల్బంలో దొరకని పేరు అప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

మూడో రోజు తాయప్ప సిద్దును చూడటానికి పోతానంటే నేనూ వెళ్ళాను. ఎవరైనా ఏమైనా అంటే తగులుకుందామనే వెళ్ళాను. సిద్దు మంచం మీద నిద్రపోతున్నాడు. మహాదేవి పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి తాయప్పకు చాప వేసింది. తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"మేము ఆడోళ్ళం బరికాడికి రాం గదన్నా" అంది మెల్లగా. "నా మొగడు పట్టినప్పుడు గూడ ఇంట్లనే కూసోని నీ డప్పు ఇంటుంటి. ఆగితే గుండె ఆగేది, ఎవరు పడ్డరో అని గల్మ దాటి వాకిట్లకు ఉరికేదాన్ని. మొన్న ఆగనే లేదు. నా కొడుకు ఇంక నిలవడ్డడు అనుకోని, నవ్వుకుంట రొట్టెలు చేస్తనే ఉన్న."

అది బాక్సు అని, కంపెనీ కత్తిరించిందని, గౌడ చేసిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. తాయప్ప నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

"నా డప్పే చెల్లె" అన్నాడు. "ఆపలేకపోయిన."