చెలమలో మొదటి గుక్క

మా భవానీపురం వీధిలో అపార్ట్‌మెంటు కట్టుకుంటున్న పెద్దమనిషి ఎవరో మా గేటుకు అడ్డంగా లారీడు ఇసుక దింపించాడు. మేస్త్రీకి చెప్పాను, మున్సిపాలిటీకి వెళ్లి చెప్పాను, ఆ పెద్దమనిషి బావమరిది కనబడితే ఆపి మరీ చెప్పాను. అందరూ "అలాగేనండీ" అన్నారు. ఇసుక అలాగే ఉంది. ఇవాళ తెల్లవారుజామున పాలకోసం గేటు తీసేసరికి, రాత్రి కురిసిన మంచుకో, ఏటి అడుగునుంచి తనతో తెచ్చుకున్న చెమ్మకో, ఆ కుప్పలోంచి తడి ఇసుక వాసన వచ్చింది. తిట్టుకుంటూ బయటికి వచ్చినదాన్ని, తిట్టు సగంలో వదిలేసి, పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎవరిమీదైనా కోపం వస్తే దాన్ని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. మావాళ్లలో ఎవరినడిగినా ఆ సంగతి చెబుతారు.

అది మా మామ్మ వాసన. మా నాన్నను కన్నతల్లి దీనమ్మ. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోగా పోగా, కృష్ణ కాలువ ఓపిక అయిపోయి సన్నబడిపోయే చోట మా ఊరు, ఊరికి ఎడంగా మా పేట ఉండేవి. పేటలో గుప్పెడు ఇళ్లు, ఇంటికో గుంట మగ్గం, అందరికీ కలిపి తాటాకు కప్పిన ప్రార్థన గుడి ఒకటి. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు దొరక్క మగ్గాలు తరచూ మూగపోయేవి. అయినా నా జ్ఞాపకంలో ఆ రోజులకు ఆకలి కంటే ముందు రుచులే తగులుతాయి. క్రిస్మసుకు బెల్లం పాకం గిన్నె చుట్టూ పిల్లలం కూచుని మామ్మ అరిసె తీసే అట్లకాడ వైపు చూస్తూ ఉండడం, మట్టల ఆదివారం నాడు ఈతమట్టలు ఊపుకుంటూ పేటంతా తిరిగి అరిచేతులు గీసుకుపోవడం, ఈస్టరు నాడు చీకటితోనే సమాధుల దగ్గరికి లాంతర్లతో వెళ్లి, పొద్దు పొడిచే వేళకు పాడిపాడి బొంగురుపోయిన గొంతులతో వేడి వేడి బెల్లం కాఫీ తాగడం, అన్నీ గుర్తే.

ఈస్టరు వెళ్లిన కొన్నాళ్లకు ఎగువన కాలువ కట్టేసేవారు. నీళ్లు తీసిన కాలువలో బురద ముందు నల్లగా మెరిసేది, తర్వాత పెంకులు పెంకులుగా పగిలేది. మగపిల్లలు ఆ బురదలో మట్టగిడసలు పట్టేవాళ్లు, మేం ఆడపిల్లలం గట్టుమీద తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. ఇంట్లో చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఉడికే వాసన, వాకిట్లో తాటిముంజల డొక్కల గుట్ట. ఆ వేసవిలో లేనిది ఒక్కటే, తాగడానికి మంచినీళ్లు. మా నేలలో ఎక్కడ లోతుగా తవ్వినా ఉప్పే.

ఊళ్లో మంచినీళ్ల చెరువు ఉండేది. కాలువ కట్టకముందే దాన్ని నింపుకునేవాళ్లు. కానీ ఆ చెరువు గట్టు మేం ఎక్కకూడదు. గట్టు కింద ఖాళీ బిందెతో నిలబడాలి. పైన ఎవరికైనా దయ కలిగితే ఎత్తునుంచి పోస్తారు, సగం బిందెలో, సగం మనమీద. దయ కలగకపోతే ఎండలో అలాగే నిలబడాలి. మామ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడు అలా నిలబడి నిలబడి, "అమ్మగారూ, కాస్త పొయ్యండి" అని అడిగిందట. గట్టుమీద ఉన్న పెద్దింటావిడ పక్కవాళ్లను చూసి నవ్వి, "మీ దేవుడు సముద్రాన్నే చీల్చాడంటగదే దీనమ్మా! ఆయన్నే అడగరాదూ, ఓ బిందెడు పోస్తాడు" అందట.

ఆవిడ ఎగతాళికి అంది. మామ్మ నిజమే అనుకుంది. ఖాళీ బిందెతో వెనక్కి తిరిగి, ఇంటికి పోకుండా, పేట వెనక తాటితోపు దాటి ఇసుకదిబ్బ మీదికి పోయి, అక్కడ మోకరించి దేవుణ్ణి నీళ్లడిగి, మోకాళ్ల దగ్గరే చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. మోచేతి లోతున ఇసుక తడిసింది. ఇంకాస్త తవ్వితే నీరు ఊరింది. నాలికమీద వేసుకుంటే తియ్యగా ఉంది. ఆ రోజునుంచి మామ్మ చెరువుగట్టు దగ్గరికి మళ్లీ పోలేదు. పోనని ఒట్టు పెట్టుకుంది. పేటవాళ్లంతా ఆమెను చూసి అదే దిబ్బమీద తలా ఒక చెలమ తవ్వుకున్నారు.

నాకు ఊహ తెలిసేసరికి వేసవిలో మా ఇంటి ప్రార్థన ఆ చెలమ దగ్గరే జరిగేది. కోడి కూయగానే మామ్మ నన్ను లేపి, చంకన బిందె, చేతిలో కొబ్బరిచిప్ప పెట్టుకుని బయలుదేరేది. రాత్రి గాలికి ఇసుక జారి చెలమ పూడిపోయి ఉండేది. మామ్మ దాని పక్కన మోకరించి, దేవుడు ఇచ్చిన వాగ్దానాల్లో ఒకటి తన మాటల్లో ఆయనకే గుర్తుచేసేది, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టే. చివర ఎప్పుడూ ఒకే మాట: "నాయనా, నిన్నటిది నిన్నే అయిపోయింది. ఇవాళ్టిది ఇయ్యి." తర్వాత చేతులతో ఇసుక తోడేది. నేను బోర్లా పడుకుని గుంటలోకి చూసేదాన్ని. పొడి ఇసుక రంగు ముందు మసకబారేది, తర్వాత ముదిరేది, ఒకచోట చిన్న మెరుపు కదిలేది, ఆ మెరుపు వెడల్పయ్యి, చూస్తూ చూస్తూ ఉండగానే దాంట్లో ఆకాశం కనిపించేది. చుట్టూ మైళ్ల కొద్దీ ఉప్పునేల, దూరంగా సముద్రం హోరు, మధ్యలో నా కళ్లముందు తియ్యటి నీళ్లు. ఎత్తునుంచి ఎవరూ పొయ్యలేదు. ఎవరి దయకోసమూ నిలబడలేదు. కిందినుంచి, చప్పుడు లేకుండా, అడిగినందుకు వచ్చాయి. నేను జీవితంలో చాలా గొప్ప చర్చీలు చూశాను. అంత భయభక్తులు నాకు వాటిలో ఎక్కడా కలగలేదు.

అరణ్యంలో ఆకలిగొన్నవాళ్లకు ఆకాశంనుంచి మన్నా అనే తిండి కురిసిన బైబిలు కథ మామ్మ ఆ చెలమ దగ్గరే చెప్పేది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలని, ఆశపడి దాచుకున్నవాళ్ల మన్నాకి పురుగులు పట్టాయని చెబుతూ, "దేవుడికి మన మొహం రోజూ చూడాలనుంటదే కరుణా. ఒక్కసారే ఇచ్చేస్తే మళ్లీ వస్తామా ఏంటి?" అనేది.

ఒక వేసవిలో, నేను మిషను బడిలో చదువుకునేటప్పుడు, పేటకు సొంతంగా వరల నుయ్యి కావాలన్న మాట వచ్చింది. మా సంఘపెద్ద యోహాను తాత అంటే నాకు గిట్టేది కాదు. ఆదివారపు బడిలో అందరికంటే ఎక్కువ వాక్యాలు ఒప్పజెప్పింది నేనైతే, రంగుల బొమ్మల కార్డు ఆయన మనవరాలు సరోజకు ఇచ్చాడు. అడిగితే, నాకు నోటి దురుసని అన్నాడు. నోటి దురుసు లేకపోతే అన్ని వాక్యాలు ఎలా ఒప్పజెప్పగలను? ఆ సంగతి అలా ఉండగా, నుయ్యి తవ్వడానికి మామ్మ చెలమ చోటే మంచిదని అందరూ అన్నారు. మామ్మ ఒప్పుకుంది. నా చెయ్యి పట్టుకుని, "మొదటి గుక్క మా కరుణకి. ఇది మాట" అంది. అది అందరూ విన్నారు. యోహాను తాత కూడా విన్నాడు.

మగ్గాల మీంచి లేచి మగవాళ్లంతా తవ్వారు. నడుములోతు దాటకముందే నీరు పడింది. స్తోత్రాలు, చప్పట్లు, ఆడవాళ్ల కళ్లల్లో నీళ్లు. యోహాను తాత లోపలికి చూసి, "ఇక చాలేమో వదినా, వరలు దించేద్దాం" అన్నాడు. మామ్మ ఆ గుంట అంచున నిలబడి ఉంది. ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగు ఒకటి వచ్చింది.

"చాలదు యోహానూ! ఇది మనకే సరిపోద్ది. నాకు ఇంకా కావాలి. ఆ పెద్దింటోళ్లు బిందె పట్టుకుని మన గుమ్మంలోకి రావాలి. వాళ్ల చెరువు ఎండాల, మన నుయ్యి నిండాల. తవ్వండ్రా!"

పేటంతా కేకలు పెట్టింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆ దిబ్బమీద చేరినవాళ్లలో చెరువుగట్టు కింద నిలబడనివాళ్లు పిల్లలు తప్ప ఎవరున్నారు గనక! తవ్వారు. నిలువులోతు దాటాక నీళ్లు బుడబుడమని తన్నుకొచ్చాయి. ఎవరో చెంబు నింపి పైకి అందించారు. నేను చెయ్యి చాపాను. యోహాను తాత ఆ చెంబు నా తలమీదుగా తీసుకెళ్లి సరోజ నోటికి అందించాడు. ఇది జరిగి ఇన్నేళ్లయినా ఆ చెంబు ఏ వైపునుంచి ఏ వైపుకి వెళ్లిందో గీసి చూపించగలను.

సరోజ ఒక గుక్క మింగబోయి తుపుక్కున ఉమ్మేసింది. "ఉప్పు తాతా!" అని ఏడ్చింది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మామ్మ ముఖం చూసేదాకా అది అలాగే ఉంది.

సాయంత్రానికి చుట్టూ ఉన్న చెలమలన్నీ ఉప్పెక్కాయి. పైనున్న కాస్త తియ్యటి నీళ్ల కింద ఆ దిబ్బ కడుపునిండా సముద్రమేనని అప్పుడు తెలిసింది. తవ్విన ఇసుకే మళ్లీ నూతిలో నింపారు. మామ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ కష్టమైనట్టుంది. మర్నాడు పొద్దున పేట ఆడవాళ్లు చెరువుకు బయలుదేరుతుంటే, అందరికంటే ముందు బిందె ఎత్తుకుంది.

"నువ్వు రావద్దులే అత్తా, నీ వంతు నేను తెస్తా" అంది మా అమ్మ.

"నా నోరే కదంటే ఉప్పు చేసింది. నేనే పోవాల."

నేనూ వెనకాలే వెళ్లాను. గట్టు కింద మామ్మ నిలబడింది. అప్పటికి ముసలిదైపోయిన ఆ పెద్దింటావిడే పైన ఉంది. కళ్లు చికిలించి చూసి గుర్తుపట్టింది. "ఎవరూ, దీనమ్మే! ఏమే, మీ దేవుడి చెలమ ఎండిపోయిందా?"

మామ్మ తలెత్తి, "ఎండలేదు అమ్మగారూ. మేమే ఎక్కువ తవ్వాం" అంది.

ఆవిడ చెరువులో బిందె ముంచింది. నీళ్లు పోసింది. మామ్మ బిందె పట్టింది. ఎప్పటిలాగే సగం మామ్మ మీద పడ్డాయి.

ఆ నీళ్లు నేను ముట్టనన్నాను. అమ్మ బతిమాలింది, నాన్న కొట్టాడు. ముంజలు తిని, మజ్జిగ అడుక్కుని గడిపాను గాని ఆ నీళ్లు గొంతు దిగనివ్వలేదు. పెదాలు పగిలాయి, ఒళ్లు కాలింది. మామ్మ నన్ను బలవంతం చెయ్యలేదు. కాని తెల్లవారగానే ఎప్పటిలాగే నన్ను లేపి, చంకన బిందెతో, చేతిలో కొబ్బరిచిప్పతో దిబ్బమీదికి నడిపించేది. పూడ్చిన నూతి పక్కన మోకరించేది. వాగ్దానం గుర్తుచేసేది. చేతులతో తోడేది. నాలికమీద వేసుకునేది. ఉప్పు. "స్తోత్రం నాయనా" అని లేచి, అటునుంచి అటే చెరువుగట్టుకు పోయేది.

ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఉప్పునీళ్లకి కూడా స్తోత్రమేంటి మామ్మా?" అని అరిచాను.

"నీళ్లకి కాదే పిచ్చిదానా, ఇచ్చేవాడికి. ఏ రోజుది ఆ రోజే చాలన్న మాట నేను తప్పా. ఆయన తప్పడుగా."

నేను నమ్మలేదు. నాకు ఎవరెవరు చేసిన అన్యాయాలన్నీ నేను వరసగా గుర్తుపెట్టుకున్నట్టే దేవుడూ మామ్మ అత్యాశను గుర్తుపెట్టుకుని ఉంటాడని, ఇక ఆ దిబ్బ ఎప్పటికీ ఉప్పేనని అనుకున్నాను. ఆయన స్థానంలో నేనుంటే అంతే చేసేదాన్ని.

ఆ తర్వాత ఒకనాడు, తూర్పున ఇంకా ఎరుపు రాలేదు. మామ్మ మోకరించి, ప్రార్థన ముగించి, మోచేతి లోతు మాత్రమే తవ్వి ఆపేసింది. ఇసుక మసకబారింది, ముదిరింది, మెరిసింది. మామ్మ కొబ్బరిచిప్పతో నెమ్మదిగా పైపైన తీసింది. రుచి చూడలేదు. రోజూ ముందు తనే చూసేది. ఆ రోజు చిప్పను నావైపు చాపింది.

"నువ్వు చూడు ముందు" అన్నాను.

"మొదటి గుక్క నీదని మాటిచ్చా కదంటే" అంది.

తాగాను. తియ్యగా ఉన్నాయి. రెండోసారి ముంచుకుని తాగాను, మూడోసారి తాగాను. మామ్మకు అర్థమైంది. ఇసుకమీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. నేను గుంటలోకి చూశాను. తీసినంత మేరా మళ్లీ ఊరుతోంది, చప్పుడు లేకుండా, ఏమీ జరగనట్టు, ఎవరిమీదా కోపం లేనట్టు. ఆ లేత వెలుతురులో నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది. అంత మరిచిపోవడం ఎవరికైనా సాధ్యమా అనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

ఆ దిబ్బ ఇప్పుడు లేదు. లారీలు మోసుకుపోయాయి. తాటితోపు పోయింది, దాని చోట రొయ్యల చెరువులు తవ్వారు. మగ్గాల గుంటలు పూడ్చి సిమెంటు చేశారు. పేటకు మంచినీళ్లు డబ్బాల్లో వస్తున్నాయి, ఇక్కడ నాకు వచ్చినట్టే. సరోజ ఆ కార్డు నాదేనని ఒప్పుకోకుండానే పోయింది. పెద్దింటావిణ్ణి నేను క్షమించలేదు. మామ్మ మాత్రం నాతో ఒక్కమాటైనా చెప్పకుండా ఎప్పుడో క్షమించేసింది.

ఇవాళ పాలగిన్నె గోడమీద పెట్టి, కొంగు దోపుకుని, ఆ కుప్ప పక్కన కూచుని చెయ్యి లోపలికి పోనిచ్చాను. పైన పొడి. మోచేయి మునిగేసరికి వేళ్లకు చల్లగా తడి తగిలింది. "నిన్నటిది నిన్నే అయిపోయింది నాయనా" అన్నాను. మిగతాది అనేలోపల అపార్ట్‌మెంటు కాపలా కుర్రాడు కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"ఏం పోయిందండీ అమ్మగారూ? ఉంగరమా?"

"ఏమీ పోలేదు. మీ ఓనరుతో చెప్పు, ఇవాళ ఈ ఇసుక తీయించకపోతే మళ్లీ మున్సిపాలిటీకి వెళతానని."

"అలాగేనండీ" అని వాడు వెళ్లిపోయాడు. నా చెయ్యి ఇంకా ఇసుకలోనే ఉంది.