కల్లంలో ఆగని దగ్గు

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో నా ఆఫీసు మా ఇంటి అరుగు మీదికి చేరింది. ముదిగొండ దగ్గరి మా ఊళ్లో, మా ఇంట్లో సిగ్నల్ అందేది అక్కడొక్కచోటే. ఎదురుగా మా మిర్చి కల్లం. భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి ముఠాగా వచ్చిన ఆడకూలీలు వరసగా కూర్చుని, ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేవారు. ఘాటుకు అందరూ దగ్గేవారు, నాతో సహా. మీటింగులో మ్యూట్ తీస్తే చాలు, మేనేజర్ హడలిపోయేవాడు. మిర్చి అండీ, మిర్చి అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయేది.

ఒకరోజు టీ కోసం అందరూ కల్లం దాటి నీడకు వచ్చారు. దగ్గులు ఆగిపోయాయి. ఒక్కటి ఆగలేదు. వరసలో చివర కూర్చునే అక్కది. గ్లాసు పట్టుకోలేక కింద పెట్టేసింది.

మీటింగు మధ్యలోనే లేచి, ఇంట్లో ఉన్న ఆక్సీమీటర్ పట్టుకుని పరుగెత్తాను. ఆమె వేలు ముడుచుకుంది.

"మిర్చి ఘాటు బిడ్డా. నువ్వు పోయి నీ పని జూస్కో."

బలవంతంగా పెట్టాను. తొంభై అయిదైనా ఉండాల్సిన ఆక్సిజన్ ఎనభై ఆరు చూపించింది. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ఒళ్లు కాలిపోతోంది.

"ఎవ్వరికి చెప్పకు. నేను పడుకున్ననంటే మావోళ్లు ఒక్కరు కూడ పని ముట్టరు. ఇంకింతే పని ఉన్నది బిడ్డా, గిప్పుడు గిట్ల జెయ్యకు."

వాళ్ల కట్టుబాటు అది. ఒకరు మంచాన పడితే, ఆ మనిషి లేచేదాకా ముఠా మొత్తం పని ఆపేస్తుంది. అందుకని జ్వరంతోనే వచ్చి, పక్కవాళ్లను ఆనుకుని కూర్చుంటోంది. నాకు ఒళ్లు మండింది. జ్వరమొస్తే ఒక్క మెసేజ్ పెట్టి ముసుగు తన్నే నేను ఆమెను ఏమని తిట్టను? తిట్టలేక, ముఠా మేస్త్రీకి వినపడేలా అరిచాను.

"అక్కకు దమ్ము అందుతలేదు! జల్దీ ఆటో పిలువుండ్రి!"

ఆమె నా చెయ్యి వదిలేసింది.

ఖమ్మం దవాఖానాలో ఆమెను చేర్చుకున్నారు. ముఠా పని ముట్టలేదు; అందరి కూలీ పోయింది. కాయలు కల్లంలోనే ఉండిపోయాయని మా అమ్మ నాతో మాట్లాడలేదు. నేను మాత్రం మేస్త్రీ ఫోను మోగినప్పుడల్లా చచ్చి బతికాను. పోయిందంటారేమోనని, పోతే నేను ఆలస్యంగా చూసినందుకేనని.

చాలా రోజులకు తిరిగొచ్చింది. అప్పటికి వాళ్లను ఊరికి తీసుకెళ్లే ట్రాక్టర్ సిద్ధంగా ఉంది. మా అరుగు ముందు నుంచే వెళ్తూ నా వైపు కన్నెత్తి చూడలేదు. చూడకపోతే చూడకపోయింది. ట్రాక్టర్ దాకా ఎవరూ పట్టుకోకుండా నడిచింది.