స్రవంతి రాయని మాట

రేగొండ బస్టాండు పక్క సందులో స్రవంతి జిరాక్స్ షాపు నడుపుతుంది. లాయరు నోటీసు వచ్చిన రోజు షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. సంతకం పెట్టి కవరు తీసుకుని, ఆ నలుగురి పనీ ముగించాకే చింపి చూసింది. మూడు పేజీల ఇంగ్లీషు. డిగ్రీ చదివింది కాబట్టి అర్థమైంది. కానీ అర్థమయ్యాక భయం కూడా రాలేదు. ఎవరిదో కాగితం తన చేతికి వచ్చినట్టు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

స్రవంతి ఐదేళ్లుగా ఫేస్‌బుక్‌లో ‘రేగొండ కబురు’ అనే పేజీ నడుపుతోంది. కరోనా టీకాలు ఏ ఊళ్లో ఏ రోజు వేస్తారో చెప్పడానికి మొదలుపెట్టింది. తర్వాత కరెంటు కోతలు, పరకాల బస్సు మారిన టైము, యూరియా లారీ, తప్పిపోయిన బర్రె, చర్చిలో కూడిక, ఎవరింట్లో చావు. పదకొండు వేల మంది చూస్తారు. సొంత అభిప్రాయం ఆమె ఎప్పుడూ రాయలేదు.

మొన్న వానాకాలం వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో ఉప్పలయ్య అనే హమాలీ చనిపోయాడు. సురేందర్ రైస్ మిల్లులో పదేళ్లుగా బస్తాలు మోసిన మనిషి. రోడ్డు ప్రమాదమని అందరూ అన్నారు. స్రవంతి కూడా అదే రాసి, ఫోటో పెట్టింది. మూడో రోజు ఆ పోస్టు కింద ఉప్పలయ్య అన్న కూతురు భావన ఒక కామెంటు పెట్టింది.

“మా చిన్నాయిన రోడ్డు మీద సావలేదు. మిల్లుల బెల్టుల వడి సచ్చిండు. తెచ్చి రోడ్డు మీద పండవెట్టిండ్రు. సురేందర్ సారుకు అంతా ఎరికే.”

స్రవంతి చదివింది. జవాబు రాయలేదు, తీసేయనూ లేదు. రెండు రోజుల్లో దాని కింద మూడు వందల మంది ఏదో ఒకటి రాశారు.

సురేందర్ పంపించిన నోటీసులో మొదటి పేరు స్రవంతిది, రెండోది భావనది. ఏడు రోజుల్లో ఆ మాటలు తీసేసి, బహిరంగంగా క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా, దాంతోపాటు క్రిమినల్ కేసు.

స్రవంతి భర్త శ్యాం స్కూలు వ్యాను నడుపుతాడు. అన్నం తింటూ అడిగాడు.

“గది నువ్వు రాసినవా?”

“రాయలే.”

“మరి నీకెందుకు పంపిండ్రు?”

“పేజీ నాది.”

శ్యాం చారు పోసుకుని తిని లేచాడు.

మర్నాడు ఆమె భూపాలపల్లి వెళ్లి చందూలాల్ అనే వకీలును కలిసింది. మరిపెడ దిక్కు తండా నుంచి వచ్చి అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్న యువకుడు. నోటీసు రెండుసార్లు చదివాడు.

“అక్కా, ఆ మాట నువ్వన్లేదు, నిజమే. కని నోటీసు అందినంక గూడ ఉంచితే, తెలిసే ఉంచిందని వాళ్లు కోర్టుల అంటరు. జడ్జి ఒప్పుకుంటడా లేదా, అది వేరే ముచ్చట. తేలేదాక తారీఖులకు తిరగాలె.”

“భావన రాసింది నిజమైతే?”

“చూసినోళ్లు వచ్చి చెప్పాలె. చెప్తరా?”

చూసినవాడు ఒకడున్నాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఉప్పలయ్యతో కలిసి బస్తాలు మోసే ఓదెలు. స్రవంతి అతని ఇంటికి వెళ్లింది. అతను గడప దాటి బయటికి రాలేదు. “నాకేం ఎరికలేదు బిడ్డా. నేను ఇంక గాడనే పనికి పోవాలె” అన్నాడు.

అక్కణ్నుంచి ఉప్పలయ్య భార్య బుచ్చవ్వ ఇంటికి నడిచింది. బుచ్చవ్వ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. భావన ఫోను పట్టుకుని పక్కన నిలబడింది. ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. కాలేజీకి వెళ్లి మూడు రోజులైందట.

“అవ్వా, తీసెయ్యాల్నా ఉంచాల్నా? నువ్వెట్లంటె అట్ల చేస్త” అంది స్రవంతి.

బుచ్చవ్వ ఒలిచిన గింజలు చాటలో పోసింది.

“తీసెయ్యి బిడ్డా. ఈ పిల్లకు పెండ్లి కావాలె, సదువు కావాలె. నువ్వు జేసిన తప్పేంది? తీసెయ్యి. ఆయినెట్ల సచ్చిండో నాకెరికే. ఫోన్ల లేకుంటె అవద్దమైతదా?”

స్రవంతి అక్కడే కూర్చుని ఆ కామెంటు తొలగించింది. దానికి ముందు, చందూలాల్ చెప్పినట్టు, ఫోటో తీసి పెట్టుకుంది. బుచ్చవ్వతో కలిసి రెండు గుప్పెళ్ల చిక్కుళ్లు ఒలిచి ఇంటికొచ్చింది.

నోటీసులో అడిగిన క్షమాపణ రాసే రోజు సురేందర్ స్వయంగా షాపుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, చాయ్ చెప్పి, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

“నీ మీద నాకేం కోపం లేదు స్రవంతీ. మీ నాయిన శామ్యూల్ మా పొలంల పనిజేసిన మనిషే. ఊళ్లె నా పేరు గూడ ఉండాలె గదా.”

“ఉండాలె సార్.”

ఆమె కాగితం చూసి టైపు చేసింది. ‘నిరాధారమైన ఆరోపణలకు నా పేజీలో చోటిచ్చినందుకు’ అనే దగ్గర ఒక అక్షరం తప్పు పడింది. అతను వేలు పెట్టి చూపించాడు. సరిచేసింది. సురేందర్ చాయ్ తాగి, అది పేజీలో కనిపించేదాకా ఉండి వెళ్లాడు.

సాయంత్రానికి దాని కింద రెండు వందల కామెంట్లు. ఎంతకు అమ్ముడుపోయావని అడిగినవాళ్లలో ఆమె ఊరికే ఫారాలు నింపిపెట్టినవాళ్లు ఉన్నారు. అందరి పేర్లూ చదివింది. ఆ రాతలకూ తనదే బాధ్యత అవుతుందేమో తెలియక, అసలు ఎవరూ ఏమీ రాయకుండా కామెంట్లు మూసేసింది.

రెండు వారాల తర్వాత బుచ్చవ్వ ఒక్కతే షాపుకు వచ్చింది.

“సోమవారం కలెక్టరాఫీసుల దరఖాస్తులు తీస్కుంటరంట గదా. ఒకటి రాసియ్యి. పేరు నాది వెట్టు, ఏలుముద్ర నేనే ఏస్త. అడిగితే నన్నే అడుగుతరు.”

స్రవంతి రాసింది. మిల్లు పేరు, రోజు, బెల్టు, అన్నీ బుచ్చవ్వ చెప్పిన వరసలోనే. సోమవారం షాపు మూసి ఆమెతో కలిసి వెళ్లింది. లైనులో రెండున్నర గంటలు నిలబడ్డాక కాగితం మీద ముద్ర పడింది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. మిల్లు ఆఫీసు గదిలోనే, సురేందర్ ముందే, హమాలీలను ఒక్కొక్కరినీ అడిగాడు. అందరూ రోడ్డు ప్రమాదమనే చెప్పారు. ఓదెలు కూడా. బుచ్చవ్వ మళ్లీ దరఖాస్తు పెట్టింది, తర్వాత ఇంకొకటి. విచారణలో ఉందని జవాబు వచ్చింది. భావన తిరిగి కాలేజీకి పోతోంది.

పేజీలో ఇప్పుడు బస్సు టైములు, కరెంటు కోతలు మాత్రమే ఉంటాయి. చావు కబుర్లు పంపినవాళ్లకు, పెట్టడం మానేశానని స్రవంతి చెబుతుంది. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక లేదంటుంది. మొన్న శ్యాం, “ఏడ్వనన్న ఏడ్వకపోతివి” అన్నాడు. ఆమె ఏడుపు రావట్లేదని చెప్పి, పొద్దున వ్యానుకు వేళవుతోందని అతనికి సద్ది కట్టింది.